లారీ కింద ఉచ్చీరమ్మ

ఉచ్చీరమ్మకు కోపం ఎక్కువని ఆదోనిలో లారీలు నిలిచే బయలంతా తెలుసు. "జయన్న పెండ్లాం ఉండాది సూడు, ఆ యమ్మ నోట్లో పడొద్దు" అని హమాలీలు కొత్తగా వచ్చినవాళ్లకు ముందే చెప్పేవాళ్లు. ఆమెకు ఎందుకు కోపమని అడిగినవాళ్లు మాత్రం తక్కువ.

ఆడమనిషి లారీ మీద క్లీనరుగా తిరగడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసింది లేదు. మొదట్లో చానామంది నవ్వినారు. నవ్వినవాళ్లను ఆమె పేరు పెట్టి పిలిచి, వాళ్ల ఇండ్లల్లో సంగతులు నలుగురిలో తీసి తిట్టింది. కొన్నాళ్లకు నవ్వేవాళ్లు తగ్గిపోయినారు.

ఆమెది ఆస్పరి దగ్గర పల్లె. పుట్టింటివాళ్లు ఇచ్చిన మెట్టచేను ఒకటి ఉండేది. మొగుడు జయన్న యుద్ధం రోజుల్లో మిలిటరీలో లారీలు తోలి వచ్చినవాడు. చేను అమ్మిన దుడ్డు, అతను దాచుకున్నది కలిపి ఒక లారీ కొన్నారు. అది కూడా యుద్ధం నాటిదే. ఎన్ని దేశాలు తిరిగిందో, ఎంతమంది చేతులు మారిందో ఎవరికీ తెలియదు. మైళ్లు చూపించే ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. మిలిటరీ పచ్చరంగు మీద ఎవరో ఎర్రరంగు పూసినారు. అది పెచ్చులూడి లోపలి పచ్చ కనబడేది. బండిని తెచ్చి ఇంటి ముందర నిలబెట్టిన దినం ఉచ్చీరమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "నా చేను ఇట్లయిపాయనా" అనింది.

ఆ బండి మీద క్లీనర్లు నిలవలేదు. పొద్దున్నే ముందర హ్యాండిలు పెట్టి తిప్పితేగానీ ఇంజను లేచేది కాదు. ఒక్కోసారి హ్యాండిలు వెనక్కి తన్నేది. అట్లా తన్నినప్పుడే ఒక క్లీనరు ముంజేయి విరిగింది. ఎత్తు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు క్లీనరు పక్కన వేలాడుతా ఉండి, బండి జారితే కిందికి దూకి చక్రానికి చెక్క దిమ్మె అడ్డం పెట్టాల. ఆ పనికి ఎవరొస్తారు? ఎవరూ రాకపోయేసరికి ఉచ్చీరమ్మ కొంగు నడుముకు బిగించుకుని తానే ఎక్కింది.

"ఊరోళ్లు ఏమనుకుంటారే?" అన్నాడు జయన్న.

"నా చేను మీద నేను కూసుంటాండా. ఊరోళ్లకు ఏమి నొప్పి?" అనింది.

జయన్న మెత్తని మనిషి. ఎవరేమన్నా "సరేలేప్పా" అనేవాడు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది.

మొదట్లో రిపేరీకి ఒక మేస్త్రీ దగ్గరికి తోలుకపోయేవాళ్లు. ఒకసారి వెనక చక్రాల మీద బరువు మోసే ఇనప కమానులో ఒక పట్టీ విరిగితే కొత్తది వేసినానన్నాడు ఆ మేస్త్రీ. ఇంటికొచ్చి ఉచ్చీరమ్మ మట్టి తుడిచి చూస్తే, కొత్త పట్టీ మాట దేవుడెరుగు, ఉన్న మంచి పట్టీల్లో ఒకటి మాయమై దాని జాగాలో అతుకు పెట్టిన పట్టీ ఉంది. జయన్న "సరేలే, ఈసారికి పోనీ" అన్నాడు. ఆమె పోనీలేదు. నేరుగా మేస్త్రీ కొట్టం కాడికి పోయి, వచ్చిపోయే జనం ముందర నిలదీసి, తన పట్టీ తాను వెతికి తీసి నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"ఇంగ మీదట బండి మీద ఇంకొకని సెయ్యి పడితే ఒప్పుకోను. నీకు తెలిసింది నాకు నేర్పు. తెలీనిది ఇద్దరం ఇప్పి సూద్దాం" అనింది మొగుడితో.

అట్లా ఇంటి ముందరి బయలే వాళ్ల కార్ఖానా అయింది. ఇంజన్లోంచి దించిన నల్లటి ఆయిలును పాత పంచెగుడ్డలో వడగట్టి, కుండలో తేర్చి, పైతేటను గ్రీసు పట్టని కీళ్లకు పూసేది. గాలి పీల్చే డబ్బాను కిరసనాయిలుతో కడిగేది. రేడియేటరు కారితే జయన్న టంకం పెట్టేవాడు. కమాను పట్టీలు ఊడదీసి, కొలిమి కాడ వంపు సరిచేయించి, మళ్లీ కట్టగా బిగించేటప్పుడు పానా మీద ఇద్దరూ కలిసి బరువు వేసేవాళ్లు. ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. సీకాయతో రుద్దినా గోళ్లలో నలుపు పోయేది కాదు.

అన్నిటికంటే ఆమె గట్టిగా పట్టించుకునేది బ్రేకులను. ఆ లారీకి ఆయిలు బ్రేకు. కాలితో తొక్కితే ఆయిలు సన్న గొట్టాల్లో పోయి, చక్రాల్లో ఉండే చిన్న రబ్బరు గిన్నెలను తోస్తాది. ఆ గిన్నెలు బ్రేకును చక్రానికి ఒత్తిపెడతాయి. గొట్టాల్లో గాలి చేరితే తొక్కుడు మెత్తబడి బండి నిలవదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాల. ఒకరు పైన కూర్చుని తొక్కాల, ఒకరు కింద పండుకుని నట్టు విప్పి బుడగలు పోయిందాకా ఆయిలు వదలాల. జయన్న పైన, ఉచ్చీరమ్మ కింద.

"ఆ ఆయిలు ఆముదంతో సేసేది. దాంట్లో ఇంజనాయిలు ఒక్క సుక్క పడినా రబ్బరు ఉబ్బి సెడిపోతాది. మిలిటరీలో ఆ తప్పు సేస్తే ఎండలో నిలబెట్టేవాళ్లు" అని జయన్న ఒకసారి చెప్పినాడు. ఆమె ఆ మాట మనసులో పెట్టుకునింది.

బండికి బాడుగలు ఎక్కువగా బసలింగప్ప అనే పత్తి సావుకారి ఇచ్చేవాడు. ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో పత్తి కొని, బోరాల్లో కుక్కి, గింజలు తీసే ఆదోని జిన్నుకు తోలించేవాడు. ఆయనకు సొంత లారీ కూడా ఒకటి ఉండేది. అది చాలనప్పుడు జయన్న బండి. బండి మోసేదానికంటే ఎక్కువ ఎక్కించడం ఆయన గుమాస్తాకు అలవాటు. బోరాల మీద కూలి ఆడవాళ్లను కూడా ఎక్కించేవాడు. ఆదోనిలో దించను వేరే మనుషులను పిలవాల్సిన పని ఉండదని. ఎక్కించిన ప్రతిసారీ ఉచ్చీరమ్మ కొట్లాడేది, జయన్న "సరేలేప్పా" అనేవాడు, బండి కదిలేది.

ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలో నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన మరుసటి ఎండాకాలం అది జరిగింది. జయన్నకు చలిజ్వరం పట్టి మంచం దిగలేదు. పత్తి సీజను. బసలింగప్ప మనిషిని పంపించినాడు. జయన్న తమ్ముడు మల్లన్న అన్న దగ్గరే స్టీరింగు పట్టను నేర్చుకున్నవాడు. "నేను తోలుకొస్తా వదినా" అన్నాడు. ఆమెకు ఇష్టం లేదు. జ్వరంలోనే జయన్న "పోయిరా, వానికి తోడుండు" అన్నాడు.

ఆలూరు పక్క పల్లెలో బోరాలు ఎక్కించేటప్పుడే రగడ మొదలైంది. వరసలు పెరుగుతా ఉంటే ఉచ్చీరమ్మ గుమాస్తాకు అడ్డం నిలిచింది.

"సాలప్పా. ఇది ముసలి బండి. కమాన్లు వెనక్కి తిరిగిపోతాండాయి, కండ్లు కనపడలేదా?"

"నీ మొగుడే ఎప్పుడూ అడగల్యా. నువ్వెవరు అడిగేదానికి?" అన్నాడు గుమాస్తా.

"బండి నాది. నేనే అడగాల."

మల్లన్న మధ్యలోకి వచ్చి, "వదినా, బాడుగ పోగొట్టుకుంటే అన్న నన్నంటాడు" అని తాళ్లు బిగించమన్నాడు. బోరాల మీద కూలి ఆడవాళ్లు ఎక్కినారు. వాళ్లలో తిమ్మమ్మ అని ఒక నడివయసు మనిషి. దిగమని ఉచ్చీరమ్మ ఆమెతోనే మొదట చెప్పింది. "దిగితే కూలి ఇయ్యనంటాండాడు, ఏమి సేయమంటావు?" అనింది తిమ్మమ్మ. ఉచ్చీరమ్మ తాళ్లు ఇంకోసారి లాగి చూసి, ముందరికి పోయి ఎక్కింది.

బండి కదిలి కొంచెం దూరం పోయినాక ఆమెకు కాలిన వాసన వచ్చింది. ఆపించి దిగి చక్రం దగ్గర చెయ్యి పెడితే చుర్రుమంది. బ్రేకు వదలకుండా పట్టుకునే ఉంది.

"ఏమి సేసినావు మల్లన్నా దీనికి?"

"నేనేమి సేస్తా వదినా? ఎండకు కాలింది."

రేడియేటరు కూడా ఆవిరి కక్కుతా ఉండె. ఆమె డబ్బా తీసుకుని చేన్లో బావి కాడికి నీళ్లకు పోయింది. తిరిగొచ్చేసరికి మల్లన్న చేతులు తుడుచుకుంటా ఉన్నాడు. "ఇప్పుడు వదులైంది, ఎక్కు" అన్నాడు. చక్రాలు నిజంగానే వదులైనాయి. ఆమె నీళ్లు పోసి ఎక్కింది.

ఇంకొంచెం ముందుకు పోతే నీళ్లు లేని ఒక వంక. రోడ్డు నిటారుగా దిగి, ఇసకలో దాటి, మళ్లీ ఎక్కుతాది. దిగుడు మొదలు కాగానే మల్లన్న బ్రేకు తొక్కినాడు. కాలు అడుగు దాకా పోయింది. మళ్లీ తొక్కినాడు. మళ్లీ అంతే. "వదినా, బ్రేకు లేదు" అన్నాడు.

ఉచ్చీరమ్మ దిమ్మె పట్టుకుని దూకింది. వెనక చక్రం ముందర అడ్డం వేసింది. అంత బరువుకు దిమ్మె రెండుగా చీలిపోయింది, చక్రం దాని మీద నుంచి ఎగిరి పడింది. మల్లన్న బండిని గట్టు వైపు తిప్పినాడు. ముందు భాగం గట్టుకు గుద్దుకుని, బండి ఒక పక్కకు ఒరిగి, తాళ్లు తెగి, బోరాలూ మనుషులూ కలిసి వంకలోకి దొర్లినారు.

పత్తి మీద పడినవాళ్లు దెబ్బలతో లేచినారు. తిమ్మమ్మ లేవలేదు. ఆమె కాలు బండి చెక్క కింద ఉండె. అందరూ కలిసి ఎత్తి లాగినారు. మోకాలి కింద కాలు ఉండాల్సిన పక్కకు లేదు. ఆమె అరవలేదు, పండ్లు కొరుకుతా ఆకాశం చూస్తా ఉండె.

ఉచ్చీరమ్మ తన చీర అంచు చింపి, చీలిన దిమ్మె ముక్కలను ఆ కాలికి రెండు పక్కలా పెట్టి కట్టింది. కట్టినాక లేచి మల్లన్న దగ్గరికి పోయింది.

"బ్రేకు డబ్బాలో ఏమి పోస్తివి?"

మల్లన్న నేల చూసినాడు. "ఆయిలు తగ్గింటే అంగట్లో దొరకల్యా వదినా. ఇంజనాయిలు పోస్తి. చక్రాలు బిగుసుకుంటే నట్లు ఇప్పి కొంచెం కారిస్తి. అప్పుడు గాలి దూరినట్టుంది."

ఆమె చెంప మీద కొట్టింది. వాడు కదల్లేదు. ఇంకోటి కొట్టను చెయ్యి ఎత్తి, దించేసింది. కొట్టి ఏమి లాభమని కాదు, తిమ్మమ్మ మూలుగు వినబడింది.

సైకిలు మీద పోయే మనిషి ఒకడు ఆదోనికి కబురు మోసినాడు. పొద్దు నెత్తి మీద నుంచి వాలినాక బసలింగప్ప తన లారీలోనే వచ్చినాడు. వెంట హమాలీలు ఉన్నారు. దిగుతూనే వంకలో పడిన బోరాలను చూసి, పడమట మబ్బు చూసి, "మొదలుపెట్టండ్రా, వాన పడేలోగా ఎక్కించాల" అన్నాడు.

ఉచ్చీరమ్మ ఎదురుపోయింది. "సావుకారీ, ముందు ఈ యమ్మను ఆస్పత్రికి తోలుకపోనీ. బండి మళ్లీ వస్తాది కదా పత్తికి."

"పోయి వచ్చేసరికి వాన కొడితే? పత్తి ఎక్కినాక ఆమెను కూడా ఎక్కిస్తాంలే."

"అంతసేపు ఉంటాదా ఆమె?"

"బోరాల మీద ఎక్కమని నేను సెప్పినానా? ఎక్కితే ఎవరి పాపం వాళ్లది. నీ బండికి బ్రేకు లేకపోతే నా పత్తి ఎందుకు ఎక్కించుకుంటివి? నువ్వే నాకు జవాబు సెప్పాల" అన్నాడు బసలింగప్ప.

ఉచ్చీరమ్మ వెనక్కి తిరిగింది. ఆయన లారీ ముందరికి పోయి, ఇంజను పక్క మూత ఎత్తింది. డ్రైవరు అక్కడే నిలబడి బీడీ కాలుస్తా చూస్తా ఉన్నాడు. ప్లగ్గులకు నిప్పు పంచే నల్ల టోపీ క్లిప్పులు ఊడదీసి, దాని కింద తిరిగే చిన్న ముక్కను లాగి, రవికెలో దోపుకునింది. అది లేకపోతే ఆ బండి ఎన్నిసార్లు హ్యాండిలు తిప్పినా లేవదు. తమ బండిలో అదే ముక్కను ఆమె వారంవారం తుడిచేది.

"ఏమి సేస్తాండావే?" అన్నాడు బసలింగప్ప.

"పత్తి ఎక్కించుకో సావుకారీ. ఎక్కించుకుని ఈడే కూసో. ఈ యమ్మ బండెక్కినాక నీ ముక్క నీకిస్తా."

"పోలీసులకు పట్టిస్తా నిన్ను."

"పిలుసుకో. వాళ్లు వచ్చినప్పుడు నన్నొకదాన్నే సూసిపోరు. ఈ కాలునూ సూస్తారు. ఎన్ని బోరాలు ఎక్కించినారో అదీ సూస్తారు."

హమాలీలు బోరాలు వదిలిపెట్టి నిలబడిపోయినారు. ఆమె మీద చెయ్యి వేసేదానికి ఎవరూ ముందుకు రాలేదు. బసలింగప్ప డ్రైవరు వైపు చూసినాడు. డ్రైవరు బీడీ పారేసి ఇంకో పక్కకు తిరుక్కున్నాడు. చివరికి సావుకారి, "ఎక్కించండ్రా ఆ ముసల్దాన్ని" అన్నాడు. తిమ్మమ్మ ముసల్ది కాదు.

ఒక బోరా విప్పి, ఆ పత్తి లారీ అడుగున పరిచి, దాని మీద తిమ్మమ్మను పండబెట్టినాకే ఉచ్చీరమ్మ ముక్కను డ్రైవరు చేతికి ఇచ్చింది. వెంట తాను కూడా ఎక్కింది. ఆదోని ఆస్పత్రిలో దించేదాకా ఆ కాలును తన ఒళ్లోనే పెట్టుకుని కూర్చునింది. వాన పడలేదు.

తిమ్మమ్మ బతికింది. కాలు మాత్రం వంకరగా అతుక్కునింది. కొన్నాళ్లకు ఉచ్చీరమ్మ ఆమె పల్లెకు చూడను పోతే తిమ్మమ్మ నులకమంచం మీద నుంచి లేవకుండానే, "ఏమి సూడొస్తివి? నడిసేదాన్నా, కుంటేదాన్నా అనా?" అని అడిగింది. "సావుకారిని ఎదిరిస్తివంట, ఊరంతా సెప్పుకుంటాండారు. నా కాలు ఇరగ్గొట్టింది సావుకారి బండి కాదమ్మా. నీ బండే." ఉచ్చీరమ్మ తీసుకపోయిన కొర్రబియ్యం గడప లోపల పెట్టి వచ్చేసింది. దారి పొడుగునా తిట్టుకుంటానే నడిచింది. ఎవరిని తిట్టాలో ఆమెకు తెలియలేదు.

ఆదోనిలో బసలింగప్ప మాట చెల్లింది. జయన్న బండికి పత్తి వేసేవాడు లేకపోయె. జ్వరం తగ్గి లేచిన జయన్న మొదటిసారి గొంతు పెంచినాడు.

"మన్ను కొట్టుకుపోయినాం కదే నీ కోపానికి. ఆ ముక్క పెరక్కపోతే కుదరదా?"

"కుదరదు" అనింది.

మల్లన్న ముఖం చెల్లక గుంతకల్లుకు పోయి ఏదో లారీ మీద క్లీనరుగా చేరినాడు. మొగుడూ పెండ్లాం మాటలు మానుకున్నారు. అయినా బండిని గట్టు నుంచి లాగి ఇంటికి తెచ్చినాక, బ్రేకులు విప్పక తప్పలేదు. ఉబ్బిన రబ్బరు గిన్నెలు చీలిన చింతగింజల మాదిరి ఉండె. అన్నీ పారేసి, గొట్టాలను స్పిరిటుతో కడిగి, కొత్తవి బళ్లారి నుంచి తెప్పించి వేసినారు. గాలి తీసే దినం వచ్చింది. జయన్న పైకెక్కినాడు, ఆమె చక్రం కిందికి దూరింది.

"తొక్కు" అనింది. తొక్కినాడు. "పట్టు." పట్టినాడు. బుడగలు పోయినాయి. "ఇడువు."

రెండో చక్రం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. కింద నుంచే మాట్లాడింది. "ఆ పొద్దు ఎక్కువేసినారని నేను అరస్తాంటే నువ్వుంటే ఏమంటావు? సరేలేప్పా అంటావు. ఎన్నిసార్లు అంటివి ఆ మాట. మల్లన్న పోసిన ఆయిలు ఒక దినంది. నీ సరేలేప్పా ఎన్నేండ్లది?"

పైన బ్రేకు తొక్కే ఉంది. జయన్న, "నట్టు బిగించు, కాలు నొస్తాండాది" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "ఇంగ ఆ మాట అననులే" అన్నాడు. ఆమె నమ్మలేదు. నట్టు బిగించింది.

ఆ ఏడే వాళ్లు కాపురం ఎమ్మిగనూరుకు మార్చినారు. మగ్గాలవాళ్లకు నూలు తేవడం, నేసిన గుడ్డలు రైలుకు చేర్చడం, కోడుమూరు సంతకు సరుకు తోలడం. తేలిక బాడుగలు, తక్కువ రాబడి. రాగిసంగటి తిన్న దినాలు ఎక్కువ. బండి మీద మనిషిని మాత్రం ఎక్కనిచ్చేది కాదు. ఒకసారి సంత నుంచి వచ్చేటప్పుడు ఎవరో బాలింతను ఎక్కించుకోమని బతిమాలితే, ఆమెను ముందర తన సీట్లో కూర్చోబెట్టి, తాను మూటల మీద కూర్చుని వచ్చింది. అట్లా వచ్చేటప్పుడు కూడా గొణుగుతానే ఉండె.

రెండేండ్లకు ఒక మధ్యాహ్నం బసలింగప్ప లారీ ఎమ్మిగనూరులో వాళ్లింటి ముందర వచ్చి నిలిచింది. దిగింది ఆ బీడీ డ్రైవరే. నాగన్న అతని పేరు. జయన్నతో మాట్లాడినాడుగానీ చూపు ఆమె మీదే ఉంది.

"అన్నా, బ్రేకు తొక్కితే కరకరమంటాంది. సావుకారికి సెప్తే సీజను కానీ అంటాడు. ఒకసారి సూస్తారా?"

"ఆ పొద్దు వంకలో నీ నోరు యాడ పెట్టుకుంటివి?" అని అడిగింది ఉచ్చీరమ్మ.

నాగన్న తల దించుకున్నాడు. "పెండ్లాం బిడ్డలు ఉండారక్కా."

"తిమ్మమ్మకు ల్యారా?"

అంటూనే జాకీ తెచ్చింది. చక్రం ఊడదీసి చూస్తే బ్రేకు మీది పట్టీ పూర్తిగా అరిగిపోయి, దాన్ని పట్టుకునే రాగి రివిట్లు ఇనుముకు రాసుకుంటా ఉన్నాయి. నాలుగు చక్రాలూ అంతే. జయన్న వేలితో తడిమి చూసి, నాగన్న వైపు తిరిగి, "ఈ బండి ఈన్నుంచి కదిలించొద్దు" అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచి రావడం విని ఉచ్చీరమ్మ పానా పట్టుకున్నది పట్టుకున్నట్టే చూసింది.

నాగన్న కూర్చుని ఆ రివిట్లను తానూ వేలితో తడిమినాడు. లేచి, తాళం జయన్న చేతిలో పెట్టి, బస్సెక్కి ఆదోనికి పోయినాడు. బ్రేకులు చేయించిందాకా తోలనని సావుకారి ముందర చెప్పినాడంట. సావుకారి అక్కడికక్కడే అతన్ని పనిలోంచి తీసేసినాడు. మరుసటి దినం కొత్త డ్రైవరు ఒకడు వచ్చి తాళం అడిగినాడు. ఉచ్చీరమ్మ వాణ్ణి చక్రం దగ్గరికి తీసుకపోయి, విప్పి, అన్నీ చూపించింది. వాడు విన్నాడు. విని, "సావుకారి రమ్మన్నాడక్కా" అన్నాడు.

ఇంకొకరి బండిని ఎన్ని దినాలని కట్టేసుకుంటాది? తాళం వాని కాళ్ల దగ్గర పడేసింది. బండి లేచి, వీధి చివర ఆదోని రోడ్డుకు తిరిగింది. ఆమె దుమ్ములో నిలబడి, వినబడేంత దూరం వాణ్ణి, వాణ్ణి పంపినవాణ్ణి, వినబడనంత దూరం పోయినాక కూడా, తిడుతానే ఉండింది. లోపల నుంచి జయన్న వచ్చి పక్కన నిలబడినాడు. ఊరుకోమని చెప్పలేదు.